మెడలో తవుడున్న గుర్రాలు

ఆమెకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: నలుగురూ తనను చూసి నవ్వుతుంటే, ఆ నవ్వేవాళ్లలో తన కూతురు కూడా ఉండటం.

చిన్నాచితకా భయాలకేం, కావలసినన్ని ఉన్నాయి. గ్యాసు కట్టేశానా లేదా అని గడప దాటాక మూడుసార్లు వెనక్కి వస్తుంది. పిల్ల తుమ్మితే నుదురు పట్టుకుని చూస్తుంది. పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా తుమ్మలేదేమిటా అని మళ్లీ పట్టుకుని చూస్తుంది. అవన్నీ వచ్చిపోయే చుట్టాలు. ఆ పెద్ద భయం మాత్రం ఇంట్లో మనిషి. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా అమ్మ మంచాన పడితే, తమ్ముళ్లకు వండిపెట్టడానికి బడి మానేసింది. ఇప్పుడు కూతురు ఒకటో తరగతి. "ఈ లెక్క ఎలా చెయ్యాలమ్మా?" అని అడిగితే, ఎక్కడ తప్పు చెబుతానోనని "నాన్నను రానీ" అంటుంది. నాన్న ఎందుకు రావాలో పిల్లకు అర్థం కావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో, ఆ ఒక్క లెక్క మాత్రం రోజూ చేసుకుంటుంది.

ఇంత పిరికి మనిషి పొద్దున్నే లేచి చేసే పనేమిటో చెబితే మీరు నమ్మరు. కర్రకు తగిలించిన గుడ్డగుర్రం ఎక్కుతుంది. వసారాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, వాటి మీద చీపురుకర్ర అడ్డం పెట్టి, దాని మీంచి దూకుతుంది.

మొదట్లో అది పిల్ల కోసమే. వీధి చివర వ్యాయామశాలలో ఆదివారం ఆదివారం కర్రగుర్రాల స్వారీ నేర్పుతారు. ఉద్యోగం నుంచి రిటైరైన డ్రిల్ టీచర్ ఒకావిడ నడుపుతుంది. ఆట అంటే ఆటే, కానీ ఆ మాట ఆవిడ ముందు అనకూడదు. నడక వేరు, పరుగు వేరు, దౌడు వేరు. నడుం నిటారుగా ఉండాలి. అడ్డకర్ర మీంచి దూకేటప్పుడు గుర్రం తల వేలాడకూడదు. ప్రతి గుర్రానికీ ఒక నోటుపుస్తకం ఉండాలి. దాని వయసెంత, దేన్ని చూస్తే బెదురుతుంది, ఎలా చెబితే మాట వింటుంది, అన్నీ అందులో రాయాలి.

ఆమె పని చేసేది బట్టలు సరిచేసే దుకాణంలో. ఒకరి పాంటు పొట్టి చేస్తుంది, ఇంకొకరి నడుం వదులు చేస్తుంది. కుట్టు దగ్గర ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. భర్త తొడగడం మానేసిన బూడిదరంగు కార్డురాయ్ పాంటులో ఒక కాలును నడుం దాకా కోసి మెడ చేసింది. నల్ల ఊలుతో జూలు పెట్టింది. కోటు బొత్తాలతో కళ్లు పెట్టింది. పాంటు వెనక జేబు కొయ్యడానికి చెయ్యి రాలేదు, అలాగే ఉంచేసింది. కాబట్టి ఆ వ్యాయామశాల మొత్తానికి జేబున్న గుర్రం అదొక్కటే. ఆమె అందులో జేబురుమాలు పెట్టుకుంటుంది.

మూడో వారానికల్లా పిల్లకు గుర్రం మొహం మొత్తింది. గోడవార బల్ల మీద కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకోవడం మొదలుపెట్టింది. గుర్రం ఊరికే ఉంది కదా, ఎవరూ చూడటం లేదు కదా అని తల్లి ఒక్క చుట్టు తిరిగింది. రెండో చుట్టులో చిన్న అడ్డకర్ర ఒకటి ఎదురైంది. బడి మైదానంలో చివరిసారి పరుగెత్తిన పన్నెండేళ్లకు ఆమె కాళ్లు రెండూ ఒకేసారి నేలను వదిలాయి.

ఇక చెప్పేదేముంది. ఆ వారం నుంచి పిల్లను తీసుకొచ్చేది తల్లి కాదు, తల్లిని తీసుకొచ్చేది పిల్ల.

"నేను తొడిగిన రోజుల్లో కూడా నా పాంటు ఇంత తిరగలేదు," అంటాడు భర్త, టీ ఊదుకుంటూ. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మనుషులు ఉన్నచోటే నిలబడి పైకీ కిందికీ పోవాలని ఆయన సిద్ధాంతం.

"మీతో ఉన్నప్పుడు అది నడిచేదండీ. ఇప్పుడు దౌడు తీస్తోంది."

అత్తగారు అయితే మరీను. "అమ్మాయ్, నీ గుర్రం నా చెప్పుల మీద పడుకుంది. లేపమంటావా, కాసేపు పడుకోనిమ్మంటావా?"

"లేపండి అత్తయ్యా, ఏమీ అనదు."

"ఏమో తల్లీ, నాకు భయం. దాని పుస్తకంలో రాసిపెట్టు, చెప్పులంటే ప్రాణమని. రేపు డాక్టరు అడిగితే చెప్పొద్దూ?"

వ్యాయామశాలలో మిగతావాళ్లంతా పదీ పద్నాలుగేళ్ల ఆడపిల్లలు. ఆమె నేల మీద నిలబడితే "ఆంటీ" అనేవాళ్లు. గుర్రమెక్కితే "అక్కా" అనేవాళ్లు. ఆదివారం రెండు గంటలూ ఆమె వయసు అలా పెరుగుతూ తరుగుతూ ఉండేది. వీధిలో నడిచేటప్పుడు మాత్రం గుర్రాన్ని పాత దుప్పటిలో తల కూడా కనబడకుండా చుట్టేది. ఎవరైనా "ఏంటమ్మా అది?" అంటే "మాప్" అనేది. దుప్పటి కప్పిన మాపును ఎవరు చూశారు? కానీ అడిగినవాళ్లకు అంతకంటే పట్టలేదు.

తవుడు సంగతి ఇక్కడ చెప్పాలి. దూకినప్పుడల్లా ఆమె గుర్రం తల నిద్రొచ్చిన పిల్లాడి తలలా ఊగిపోయేది. ఎంత దూది కుక్కినా అంతే. ఇసుక పోస్తే చెయ్యి నొప్పి. దుకాణం పక్కనే కోళ్ల దాణా అమ్మేచోట ఒకరోజు తవుడు బస్తా చూసి ఆమెకు బుర్ర వెలిగింది. పాత మేజోడులో తవుడు పోసి, మూతి కుట్టి, మెడలోకి దించింది. ఆదివారం నాటికి ఆ గుర్రం తల ఎత్తి నిలబడిన తీరు చూసి డ్రిల్ టీచర్ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయింది.

"ఏం వేశావమ్మా లోపల?"

"కొంచెం బరువు టీచర్‌గారూ."

గుర్రం కడుపులోకి పోవలసింది మెడలో పెట్టానని చెప్పడానికి సిగ్గేసింది. పిల్లలు చుట్టుముట్టారు. "అక్కా, మా దానికీ! ఆంటీ, మా దానికీ!" నాలుగు వారాల్లో నాలుగు గుర్రాల మెడలు విప్పి కుట్టింది. నాలుగోది, అన్నిటికంటే ఇష్టంగా చేసింది, అందరూ సుడిగుర్రం పిల్ల అనే ఒక పిల్లది.

ఆ పిల్లకు పదకొండేళ్లు. తండ్రి వంతెనలు కట్టే పనిలో ఉన్నాడు. ఒక వంతెన అయిపోతే సామాను సర్దుకుని ఇంకోచోటికి పోవాలి. ఏటి ఒడ్డున రేకుల గదుల్లో ఉండేవాళ్లు. ఆ పిల్ల గుర్రం గోధుమరంగు తువ్వాలుతో తనే కుట్టుకున్నది. కుట్లు అటొకటి ఇటొకటి. నుదుటి మీద తెల్ల దారంతో గుండ్రంగా సుడి. గుర్రం చూడటానికి అంతంతమాత్రమే కానీ, ఆ పిల్ల ఎక్కిందంటే అడ్డకర్రకు గాలి కూడా తగిలేది కాదు. నేల మీద ఉన్నా "అక్కా" అనే పిలిచేది ఆ ఒక్కతే.

"నేనింతవరకూ ఒక్క పోటీలోనూ దిగలేదక్కా," అంది, మెడ కుట్టించుకుంటూ. "ఎక్కడైనా సరే, పోటీ పెట్టేసరికి మేం వెళ్లిపోతాం. ఈసారి వంతెన ఆలస్యమైంది. మా నాన్నను కాంట్రాక్టరు రోజూ తిడుతున్నాడు. నాకు మాత్రం హాయిగా ఉంది."

"మరి ఎప్పుడు వెళ్తారు?"

"పోటీ ఆదివారం. మేం సోమవారం."

పోటీకి వారం ముందు, ఇంట్లో జూలు దువ్వుతుంటే, ఆమె గుర్రం ముక్కులోంచి ఓ చిన్న గోధుమరంగు పెంకిపురుగు బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి మళ్లీ లోపలికి వెళ్లింది. ఇల్లు తనదే అన్నట్టు. ఆమె తలుపేసుకుని కుట్టు విప్పింది. మేజోడు నిండా పురుగులే. నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది, తవుడు చెమ్మ పట్టింది. మేజోడు బయట పారేసింది, కొత్త తవుడు వేయించి ఇంకో మేజోడులో పోసింది, కుట్టేసింది.

మిగతా నాలుగు గుర్రాలూ గుర్తుకు రాలేదని కాదు. వచ్చాయి. "నాది వసారాలో చెమ్మకు పాడైంది, వాళ్లవి బాగానే ఉంటాయి," అనుకుంది. వాళ్లిళ్లకు వెళ్లి "మీ గుర్రాల్లో నేను పోసింది కోళ్ల దాణా" అని ఏ మొహంతో చెప్పడం? అందరూ నవ్విపోతారు. ఆ నవ్వు పిల్ల చెవిన పడుతుంది. ఆలోచన అక్కడికి రాగానే ఆగిపోయింది.

ఆదివారం వచ్చింది. డ్రిల్ టీచర్ ఊరికే ఉండక కూతురు చదివే బడివాళ్లను కూడా పిలిచింది. ఒకటో తరగతి పిల్లలు వాళ్ల అమ్మలతో సహా వచ్చి బల్లల మీద బారుగా కూర్చున్నారు. మధ్యలో ఆమె కూతురు.

ఇంట్లో బయలుదేరేముందే ఆమె అత్తగారితో అనేసింది: "తలనొప్పిగా ఉంది అత్తయ్యా. వెళ్లనేమో."

"నీకు తలనొప్పయితే ఏం, దూకేది గుర్రం కదా. దానికి బాగానే ఉందిగా?"

పోటీకి ముందు ప్రతి గుర్రాన్నీ పరీక్ష చేస్తారు. మెడ ఊడొచ్చి పిల్లలు పడిపోకుండా చూడటం అసలు పని. కానీ డ్రిల్ టీచర్ దాన్ని పెద్ద వైద్యం లాగే చేస్తుంది. కళ్లు చూస్తుంది, చెవులు లాగుతుంది, మెడ నొక్కుతుంది, తెల్లకాగితం మీద రాసుకుంటుంది. వరసలో సుడిగుర్రం పిల్ల ముందు, వెనక పొడుగు జడలపిల్ల, ఆ వెనక ఆమె.

టీచర్ సుడిగుర్రం మెడ నొక్కింది. ముక్కులోంచి పురుగు రాలి తెల్లకాగితం మీద పడింది. నింపాదిగా నడుచుకుంటూ, పిల్ల పేరు రాసినచోట ఆగింది. ఇంకోటి దిగింది. దాని వెనక మూడోది.

"అయ్యబాబోయ్," అంది జడలపిల్ల, అందరికీ వినబడేట్టు. "టీచర్, వాళ్ల ఇల్లు రేకుల గది. గుర్రం వంటసామాన్లలోనే పడుకుంటుందట. తనే చెప్పింది."

"ఊరుకో," అంది టీచర్. ఆవిడ మంచిదే. కానీ రూలు రూలే. "దీనికి ఒంట్లో బాగాలేదమ్మా. ఈ రోజుకి విశ్రాంతి ఇద్దాం. మిగతావాటికి అంటుకుంటే కష్టం కదా."

ఆ పిల్ల తన గుర్రం ముక్కు మీద అరచెయ్యి పెట్టి, అదే రంగు ఇంకో తువ్వాలులో చుట్టి, వరసలోంచి పక్కకు జరిగింది. వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది. చూసింది ఆమె వైపే. ఏదో ఒకటి చెబుతుందనేమో, ఊరికేనేమో.

ఆమె నోరు తెరిచింది. బల్లల మీద ముప్పై మంది ఉన్నారు. కూతురు పక్కనున్న పిల్లకు "మా అమ్మది జేబుగుర్రం" అని చూపిస్తోంది. ఆమె నోరు మూసుకుంది. "నా వంతు అయిపోగానే చెప్తా," అనుకుంది.

జడలపిల్ల గుర్రం దులిపి చూస్తే ఏమీ రాలేదు. దాని మెడలోనూ తవుడే, కానీ ఆ పురుగులు ఇంకా నిద్ర లేవలేదు కాబోలు. ఆమె గుర్రం జేబులో టీచర్‌కు జేబురుమాలు దొరికింది. "ఇదెందుకు?" "దానికి చెమట పడుతుందండీ." టీచర్ నవ్వి "పాస్" అని రాసింది.

ఆరు అడ్డకర్రలు. మొదటిది దాటింది. రెండోది దాటింది. జూలు ఎగిరింది. బల్లల మీంచి చప్పట్లు. మూడు. నాలుగు. ఇంత బాగా ఆమె ఎన్నడూ దూకలేదు. గుర్రం తల రాజఠీవితో నిలబడి ఉంది. ఆ ఠీవి ఎక్కడిదో ఆమెకు ఒక్కదానికే తెలుసు. అయిదోది దాటుతుండగా, తలుపు దగ్గర తువ్వాలు చుట్ట చంకలో పెట్టుకుని నిలబడిన పిల్ల కనబడింది. ఆరోదాని ముందు గుర్రం ఆగిపోయింది.

గుర్రాలు మొరాయించడం ఈ ఆటలో మామూలే. టీచర్ అంది: "పర్లేదమ్మా, దాన్ని బుజ్జగించి మళ్లీ రా."

"గుర్రం కాదండీ మొరాయించింది. నేను," అంది ఆమె. గొంతు సన్నగా వచ్చింది. మళ్లీ గట్టిగా అంది: "ఆ పురుగులు ఆ పిల్ల ఇంటివి కావు. నావి."

"నీవేమిటి?"

"మెడ నిలబడటానికి తవుడు పోశానండీ లోపల. నా దాంతో కలిపి అయిదు గుర్రాల్లోనూ. కోళ్ల దాణా కొట్టులో తెచ్చాను. నా దాంట్లో పురుగు పడితే పోయిన వారమే మార్చేశాను. వాళ్లకు చెప్పలేదు. నవ్వుతారని చెప్పలేదు."

 బల్లల మీంచి ఎవరి అమ్మో అంది: "అంటే గుర్రానికి మేత మెడలో కట్టేసి దూకమన్నావన్నమాట! పాపం, వంగి తినడానికి కూడా లేదు."

అంతే, నవ్వులతో వ్యాయామశాల దద్దరిల్లిపోయింది. జడలపిల్ల తన గుర్రాన్ని తలకిందులు చేసి దులుపుతూ నవ్వుతోంది. డ్రిల్ టీచర్ మొహానికి కాగితం అడ్డం పెట్టుకుంది, కానీ భుజాలు ఆగడం లేదు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది బల్ల మీంచి జారి కిందపడ్డ ఆమె కూతురు. పొట్ట పట్టుకుని దొర్లుతోంది. "మా అమ్మ! మా అమ్మ కోళ్ల దాణా పెట్టింది!"

ఆమె నిలబడి చూసింది. ఏడేళ్లు పొట్టలోనూ గుండెలోనూ మోసిన భయం ఎదురుగా నేల మీద దొర్లుతోంది. అది ఎలా ఉందంటే, నాయనమ్మ చెప్పుల మీద గుర్రం పడుకున్నప్పుడు పిల్ల ఇంట్లో ఎలా నవ్వుతుందో అచ్చం అలాగే ఉంది. ఇంతకంటే ఆలోచించడానికి వ్యవధి లేకపోయింది, ఎందుకంటే తలుపు దగ్గర ఎవరూ లేరు.

"ఆ పిల్ల ఏదీ?"

"ఇందాకే వెళ్లిపోయినట్టుంది," అంది తలుపు పక్కన కూర్చున్నావిడ. "మీరు చివరి కర్ర దగ్గర ఆగారు చూడండి, అప్పుడే. ఏడుస్తున్నట్టుంది కూడాను."

ఆమె పరుగెత్తింది. మెట్లు దిగి, మందుల షాపు దాటి, చెప్పులు కుట్టేచోటు దాటి, బస్టాపు వైపు. పండ్లు అమ్మేవాడు బండి పక్కకు లాక్కుంటూ కేకేశాడు: "జరగండి, జరగండి, గుర్రం వస్తోంది!" ఏ గుర్రమా అని ఆమె కూడా వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత తెలిసింది, తను ఇంకా దిగలేదని. పట్టపగలు, నడివీధిలో, దుప్పటీ లేదు ఏమీ లేదు, కార్డురాయ్ గుర్రం మీద దౌడు తీస్తోంది. దిగడానికి ఆగితే ఏటి ఒడ్డు బస్సు వెళ్లిపోతుంది. ఇంకా జోరు చేసింది.

"ఎటమ్మా ఆంటీ, రేసా?" అన్నాడు ఎవరో.

"అక్కా అను, ఎక్కి ఉన్నా కదా!" అంది, రొప్పుతూనే.

బస్సు కదిలిపోయింది. వెనక అద్దంలో గోధుమరంగు తువ్వాలు చుట్ట ఒకటి కనబడింది. చెయ్యి ఊపింది. కేకేసింది. అద్దం వైపు ఎవరూ తిరగలేదు.

అక్కడే ఇంకో బస్సు కోసం ఆగి ఏటి ఒడ్డుకు పోవలసింది. కానీ కూతురు వ్యాయామశాలలో ఒక్కతే ఉంది. పోనీ సాయంత్రం వెళ్దామంటే ముసురు మళ్లీ దిగింది, పిల్లకు రెండు తుమ్ములొచ్చాయి. ఆమె సంగతి మీకు తెలుసు కదా. "రేపు పొద్దున్నే," అనుకుంది.

సోమవారం దుకాణానికి సెలవు చెప్పి, దూదీ సూదీ దారం సంచిలో వేసుకుని, ఈసారి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. వంతెన కొత్తగా మెరుస్తోంది. రేకుల గదులు ఉన్నచోట నలుచదరపు మచ్చలు మాత్రం ఉన్నాయి, వాటి మీద గడ్డి పచ్చగా లేదు. కాపలావాడు ఒకడు గొలుసు వేస్తున్నాడు.

"తెల్లారకముందే పోయారమ్మా. ఎక్కడికో నాకేం తెలుసు. ఎక్కడ ఏరుంటే అక్కడికి."

"గుర్రం తీసుకెళ్లిందా ఆ పిల్ల?"

"గుర్రమా?" అని అతను తల్లినీ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. "లారీ ఎక్కిన గుర్రాన్ని నేనేం చూళ్లేదు."

తిరిగి వస్తుంటే కూతురు అడిగింది: "అమ్మా, నిన్న నేను నవ్వానని కోపమొచ్చిందా?"

"రాలేదు."

"నువ్వు నవ్వలేదుగా?"

"నవ్వుదామనుకున్నాను. ఆ పిల్ల కూడా ఉంటే నవ్వేదాన్నే."

పిల్ల చెయ్యి పట్టుకుని లాగుతూ, "అయితే వెతుకుదాం," అంది. ఒకటో తరగతి వాళ్లకు లోకం అంత చిన్నది. తల్లికి తెలుసు అది ఎంత పెద్దదో. అప్పటినుంచీ తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ చెబుతూనే ఉంది. అలా చెప్పగా చెప్పగా ఇది మీ దాకా వచ్చింది.

మీ ఊళ్లో ఎక్కడైనా కొత్త వంతెన కడుతుంటే, దాని పక్కన రేకుల గదులుంటే, ఒక్కసారి అటు వెళ్లండి. ఆ పిల్లకు పదకొండు దాటి పన్నెండోది నడుస్తూ ఉండాలి ఇప్పుడు. తక్కువ మాట్లాడుతుంది. తువ్వాలుగుర్రం నుదుటి మీద తెల్ల దారం సుడి ఉంటుంది. మెడ వెనక కుట్టు విప్పి లోపలి మేజోడు తీసి పారేయమనండి, దూది చాలు. ఆ పురుగు వాళ్లింటిది కాదనీ, అందరి ముందూ ఆ సంగతి చెప్పడం జరిగిందనీ, కాకపోతే కాస్త ఆలస్యమైందనీ చెప్పండి. ఆ పిల్ల ఎలా ఉందో, ఇంకా దూకుతోందో లేదో, దయచేసి చూసి రండి.